కూత ఆగితే రోగం ఆగినట్టే

నేను డాక్టర్ని కాను. అందుకే ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. వరికుంటపాడు నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం పోయి, చీటీ రాయించుకుని, ఛాతీ డాక్టరు ముందు కూచుంటే ఆయన చెప్పేది ఒకటే: ఉబ్బసంలో చూడాల్సినవి రెండు. గాలిగొట్టాల్లో వాపు ఎంతుంది, ఆ గొట్టాల్లోంచి గాలి ఎంత ధారాళంగా పోతోంది. ఒకటి బాగున్నంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదంటాడు. రోగం ఒకటే అయినప్పుడు చూడాల్సినవి రెండెందుకు, ఖర్చు పెంచడానికి కాకపోతే?

కాబట్టి ఏ పరీక్షకూ లొంగకుండా, ఏ మందూ సరిగా వాడకుండా ఉబ్బసాన్ని జీవితాంతం నిలబెట్టుకునే పద్ధతులు ఇక్కడ రాస్తున్నాను. పాటించిన వాళ్లెవరూ ఇంతవరకూ నా మీద ఫిర్యాదు చేయలేదు. కొందరికి అంత ఊపిరి లేదు, కొందరు అసలే లేరు.

రోగాన్ని చెవితో పట్టండి

ఉబ్బసం ఉందో లేదో తేల్చేది పిల్లికూత. తెల్లవారుజామున మూడింటికి ఛాతీలో కుయ్యిమని వినబడితే రోగం ఉంది. పగలు పదింటికి అరుగు మీద కూచుంటే వినబడలేదు, అంటే పోయింది. మళ్లీ రాత్రికి వస్తే అది కొత్త రోగం. ఈ లెక్కన ఒక మనిషికి ఏడాదిలో రెండు మూడు వందల సార్లు జబ్బు నయమవుతుంది. ఇంత సంతోషం ఏ పెద్దాసుపత్రి ఇస్తుంది?

డాక్టర్లు దీన్ని ఒప్పుకోరు. గొట్టం చుట్టూ ఉండే కండరం బిగిసి, లోపలి పొర ఉబ్బి, కళ్ళె పేరుకుని దారి ఇరుకైనప్పుడు పుట్టే చప్పుడే కూత అంటారు. కండరం వదులైతే చప్పుడు ఆగిపోతుంది గానీ పొరలో వాపు అట్లాగే ఉంటుందట. ఊపిరి కొలిచే యంత్రంలో ఊదితే అంకెలు మామూలుగా వచ్చిన రోజున కూడా వాపు ఉండొచ్చట. వాపు తగ్గే మందు మొదలుపెడితే ఆయాసం రోజుల్లోనో వారాల్లోనో తేలికపడుతుంది కానీ, చిన్న పొగకూ చల్లగాలికీ గొట్టాలు ఉలిక్కిపడి బిగుసుకునే గుణం పోవడానికి నెలలు పడుతుందట. వినబడని దానికి నెలల తరబడి మందు వాడే తెలివితక్కువ వాళ్లు మన మండలంలో లేరని నా నమ్మకం.

ఇంకొక సంగతి. కూత పెరిగి పెరిగి ఉన్నట్టుండి ఆగిపోయిందనుకోండి. మనిషి రెండు మాటలు కలిపి పలకలేకపోతున్నాడు, డొక్కలు లోపలికి పోతున్నాయి, పెదాలు నీలం తిరుగుతున్నాయి, కూత మాత్రం లేదు. ఇంట్లో వాళ్లు తగ్గిందని సంబరపడతారు. మీరూ పడండి. గాలి కదిలితేనే గదా కూత, అసలు కదలడం లేదు గనకనే ఆ నిశ్శబ్దం, ఒక్క నిమిషం కూడా ఆగకుండా 108కి చేయండి అని ఛాతీ డాక్టర్లు మొత్తుకుంటారు. మొత్తుకోవడం వాళ్ల వృత్తి.

నీలం పంపు చాలు

జేబులో ఒక్క నీలం పంపు ఉంచుకోండి. ఆస్తాలిన్ అంటే మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే ఇస్తారు. కొట్టిన ఐదు నిమిషాల్లో ఛాతీ విచ్చుకుంటుంది, నాలుగైదు గంటలు నిలుస్తుంది. మళ్లీ కొట్టండి. అందులో ఉండే సాల్బుటమాల్ బిగిసిన కండరాన్ని వదులు చేస్తుందే గానీ వాపు జోలికి పోదు. అదే దాని మంచితనం. ఇక రెండో పంపు, వాపును తగ్గించే స్టెరాయిడ్ ఉండేది, దాన్ని బీరువాలో భద్రం చేయండి. అది కొట్టిన వెంటనే ఏమీ తెలియదు. తెలియని మందుకు డబ్బెందుకు?

దీనికి ఎదురు చెప్పేవాళ్లు దూరదేశాల కథలు తెస్తారు. న్యూజిలాండ్‌లో 1970ల చివర ఉబ్బసం చావులు ఉన్నట్టుండి పెరిగాయి. అప్పుడు అక్కడ జోరుగా అమ్ముడుపోయిన ఫెనోటెరాల్ అనే ఉపశమనం పంపు మీద అనుమానం పడింది. దాని వాడకం తగ్గించాక చావులూ తగ్గాయి. బ్రిటన్‌లో ఉబ్బసంతో పోయినవాళ్ల కాగితాలు తిరగేసి 2014లో బయటపెట్టిన లెక్కలో, ఉపశమనం పంపుల లెక్క దొరికిన 165 మందిలో 65 మంది చనిపోయే ముందు ఏడాదిలో పన్నెండుకు మించి పంపులు రాయించుకున్నారు. 2019లో జీనా అనే ప్రపంచ ఉబ్బస మార్గదర్శకాల బృందం, పెద్దవాళ్లకూ పెరిగిన పిల్లలకూ ఉపశమనం పంపు ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని రాసేసింది. నెలకో నీలం పంపు ఖాళీ అవుతుంటే లోపల వాపు పెరుగుతున్నట్టు లెక్క అంటారు వాళ్లు. నేనైతే షాపువాడితో స్నేహం పెరుగుతున్నట్టు లెక్క అంటాను.

కొట్టుకునే పద్ధతి కూడా చెప్పాలి. పంపును కుదపవద్దు. ఊపిరి పూర్తిగా వదలవద్దు. నోరు బార్లా తెరిచి, దూరంనుంచి నాలుక మీద కొట్టి, వెంటనే వదిలేయండి. నెమ్మదిగా లోపలికి పీల్చి పది సెకన్లు బిగబట్టమంటారు గానీ పది సెకన్లలో ఎన్ని పనులు చేసుకోవచ్చు! పీల్చడానికని పొడిమందు నింపిన గొట్టం మాత్రలు ఇస్తే నీళ్లతో మింగేయండి. రంగురంగుల గొట్టం ఎట్లాగూ మింగడానికి వీలుగానే ఉంటుంది, మందు కడుపులోకి పోయి అక్కడి ఉబ్బసాన్ని తగ్గిస్తుంది.

స్టెరాయిడ్ అనే మాట వినగానే భయపడాలి, కానీ పంపులో ఉంటేనే. ఒక పీల్పులో రెండు వందల మైక్రోగ్రాములు ఉంటుంది. ఉబ్బసం ముదిరితే మింగించే ప్రెడ్నిసొలోన్ రోజుకు నలభై మిల్లీగ్రాములు, బరువు లెక్కన దీనికి రెండు వందల రెట్లు, పైగా ఒళ్లంతా తిరిగేది. అయినా మనకు పంపంటేనే భయం. సూదంటే లేదు. ఊళ్లో సూదేసే ఆయన దగ్గర మాటలు ఇట్లా ఉంటాయి:

"మళ్లీ ఎగపోస్తా ఉందా పెద్దమ్మా?"

"ఔ నాయనా, రాత్రంతా కూసోనే ఉండా. ఆ పంపులు నాకొద్దు, అలవాటైపోతాదంట."

"పంపెందుకూ, సూదేస్తా. చిటికెలో తగ్గిపోద్ది."

చిటికెలో కాకపోయినా సాయంత్రానికి నిజంగానే తగ్గుతుంది. డెరిఫిలిన్, డెక్సా కలిపిన సూది అది. డెక్సా అంటే స్టెరాయిడే. వారం వారం వేయించుకుంటూ పోతే ముఖం గుండ్రంగా నిండుతుంది, ఊళ్లోవాళ్లు ఒళ్లు చేసిందంటారు. షుగరొస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లం పడుతుంది. ఇవన్నీ వయసు మీద తోసేయొచ్చు. అలవాటు మాత్రం కాలేదు గదా.

పరీక్షకు పోక తప్పకపోతే

ఊపిరి కొలిచే యంత్రం కొత్తదేమీ కాదు. లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు 1846లో, రెండు వేల మందికి పైగా ఊదించి, దాని కొలతలు అచ్చువేశాడు. ఇప్పుడు చూసేది ముఖ్యంగా మొదటి సెకనులో ఎంత గాలి వదలగలిగారు అనేది. తర్వాత నీలం మందు పీల్పించి మళ్లీ ఊదిస్తారు. గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే ఉబ్బసం అని గట్టిగా అనుమానిస్తారు. ఈ వల్లో పడకూడదంటే ఇంటిదగ్గరే నాలుగు పీల్పులు కొట్టి వెళ్లండి. ముందూ వెనకా తేడా ఉండదు. ఊదమన్నప్పుడు పదిమందిలో ఉన్నాం గనక మర్యాదగా, మెల్లగా ఊదండి. ఊదించే అమ్మాయి "ఇంకా, ఇంకా, ఇంకా" అని అరిస్తే అది ఆమె సంస్కారం.

అసలు పని ఫినో పరీక్ష దగ్గరుంది. మనం వదిలే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ ఉందని 1991లో స్వీడన్‌లో కనిపెట్టారు. రెండేళ్లకు, ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరిలో అది ఎక్కువుంటుందని తేలింది. గొట్టాల పొర ఒక రకం వాపుతో మండుతుంటే ఆ వాయువు ఎక్కువ తయారవుతుంది. వంద కోట్ల పాళ్లలో ఎన్ని పాళ్లు ఉందో కొలుస్తారు. పెద్దవాళ్లలో 25 లోపు తక్కువ, 50 దాటితే ఎక్కువ. పంపులోని స్టెరాయిడ్ సరిగా పీలిస్తే ఈ అంకె దిగుతుంది. అంటే మందు వాడామని మనం చెప్పే అబద్ధాన్ని ఊపిరే బయటపెడుతుంది. ఇంతగా చాడీలు చెప్పే పరీక్ష మరొకటి లేదు.

కానీ దీన్ని దించే సులువు మార్గం ఒకటుంది. పొగ తాగేవాళ్లలో ఫినో తక్కువ వస్తుంది. ఇది నా మాట కాదు, డాక్టర్లే ఒప్పుకుంటారు. అంకె తగ్గడమే ఆరోగ్యం అనుకుంటే, చుట్టకు మించిన మందు ఏముంది? మన పడమటి నెల్లూరులో దానికి కొదవా! పక్కనే కలిగిరిలో, డీసీ పల్లిలో పొగాకు వేలం కేంద్రాలే ఉన్నాయి, బ్యారన్లలో కాల్చిన ఆకు బేళ్లకు బేళ్లు దొరుకుతుంది. పొగతో అంకె దిగుతుంది గానీ వాపు దిగదనీ, పైగా పొగ తాగేవాళ్ల మీద స్టెరాయిడ్ పంపు సరిగా పనిచేయదనీ అంటారు. అదంతా అంకెల్లో రానిది, మనకనవసరం. ఆకుకూరలు మాత్రం మానండి. నైట్రేట్లు ఎక్కువున్న ఆకుకూరలూ బీట్‌రూటూ తిని పోతే అంకె పెరుగుతుంది. తోటకూరను పారేసి చుట్ట ముట్టించమనే వైద్యం ప్రపంచంలో ఇదొక్కటే.

పొగతో ఉబ్బసం వైద్యం అంటే నవ్వేవాళ్లకు చరిత్ర తెలియదు. ఉమ్మెత్తను ఎండబెట్టి పొగ పీల్చే పద్ధతిని 1802లో జనరల్ జెంట్ అనే దొర మద్రాసు నుంచే బ్రిటన్‌కు పట్టుకుపోయాడు. తర్వాత వందేళ్లకు పైగా అక్కడ ఉబ్బసం సిగరెట్లు అమ్మారు. ఉమ్మెత్తలోని అట్రోపిన్ గొట్టాలను నిజంగానే వదులు చేస్తుంది. మతి చలింపజేసి ప్రాణం తీసేదీ అదే. తర్వాతివాళ్లు ఆ అట్రోపిన్‌ను మార్చి, ఒళ్లంతా పెద్దగా పాకకుండా ఊపిరితిత్తుల్లోనే పనిచేసే ఇప్రాట్రోపియం తయారుచేసి పంపులో పెట్టారు. మొక్కలో ఉండే సాహసం అందులో లేదు.

ఈస్నోఫీలియా అనండి, హాయిగా ఉండండి

ఉబ్బసం అని చెప్పుకోవడానికి నామోషీగా ఉంటే ఈస్నోఫీలియా అని చెప్పుకోండి. మన జిల్లాలోనే కాదు, తెలుగునాట ఎక్కడైనా చెల్లుతుంది. దగ్గొస్తే రక్తం ఇవ్వండి. ఈస్నోఫిల్స్ అనే తెల్లకణాల లెక్క కాస్త ఎక్కువుంటే హెట్రజాన్ మాత్రలు మూడు వారాలు మింగండి. తగ్గకపోతే మళ్లీ మూడు వారాలు.

దీని వెనక నిజంగానే తెలుగు గడ్డ కథ ఉంది, అందుకే దీన్ని పాడుచేయడంలో మనకు హక్కెక్కువ. ఎర్ర రంగు ఈయొసిన్‌ను పీల్చుకునే ఆ తెల్లకణాలను పాల్ ఎర్లిక్ 1879లో గుర్తించాడు. మదనపల్లి దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని నడిపిన డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్, ఆయనతో బార్టన్, 1940లో ఒక వింత జబ్బు గురించి రాశారు. చూడటానికి క్షయలా ఉంటుంది, క్షయ కాదు, రక్తంలో ఈ కణాలు మాత్రం విపరీతం. 1943లో వైన్‌గార్టెన్ దానికి ఉష్ణమండల ఈస్నోఫీలియా అని పేరుపెట్టాడు, ఆర్సెనిక్ కలిసిన సూదులతో తగ్గుతోందని కూడా చెప్పాడు. అది బోదకాలు పురుగుల మీద ఒంటికి వచ్చే కోపమని తర్వాత తేలింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపిస్తున్న కాలంలోనే 1947లో హెట్రజాన్ వచ్చింది. పురుగుల మందు గనక అది ఈ జబ్బుకు చక్కగా పనిచేసింది.

ఆ జబ్బులో ఘనపు మిల్లీమీటరు రక్తానికి కణాలు మూడు వేలు దాటి ఉంటాయి. ఉబ్బసంలో డాక్టర్లు పట్టించుకునే గీతలు 150, 300. మూడు వేలకూ మూడు వందలకూ తేడా ఒక్క సున్నా. సున్నాకు విలువ లేదని చిన్నప్పుడే చదువుకున్నాం, కాబట్టి రెంటికీ ఒకటే మాత్ర. ఉబ్బసంలో ఈ కణాల మీద పనిచేసేది పంపులోని స్టెరాయిడ్ అంటారు, దాన్ని బీరువాలో పెట్టామని ముందే చెప్పుకున్నాం.

రక్తం ఇవ్వడంలో ఒక కిటుకు. ముందురోజు డెక్సా సూది వేయించుకుని పొండి. స్టెరాయిడ్ పడిన కొన్ని గంటల్లోనే ఈ కణాలు రక్తంలోంచి మాయమవుతాయి. రిపోర్టులో ఒకటో, సున్నానో వస్తుంది. దాన్ని ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించండి. కడుపులో నులిపురుగులున్నా ఈ లెక్క పెరుగుతుందనీ, పొద్దుట ఒక లెక్క, సాయంత్రం ఒక లెక్క ఉంటుందనీ, ఒక్కసారి చూసి తేల్చకూడదనీ అంటారు. ఒక్కసారి చూసి పెళ్లిళ్లే కుదుర్చుకుంటున్నాం.

రక్తం దాకా ఎందుకు, కళ్ళెలోనే ఈ కణాల్ని లెక్కపెట్టిన వాళ్లున్నారు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 74 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు పద్ధతిలో, ఆయాసం చూసి, ఊదించి మందు మార్చారు. రెండో జట్టుకు కళ్ళెలో ఈస్నోఫిల్స్ మూడు శాతం లోపు ఉండేటట్టు మందు మార్చారు. ఏడాదిలో మొదటి జట్టుకు 109 సార్లు ఉబ్బసం తీవ్రంగా తిరగబడింది, రెండో జట్టుకు 35 సార్లు. ఆసుపత్రిలో చేరడం ఆరుసార్లు, ఒక్కసారి. మొత్తమ్మీద వాడిన స్టెరాయిడ్‌లో పెద్ద తేడా లేదు. ఎవరికి కావాలో వాళ్లకు పెరిగింది, అక్కర్లేని వాళ్లకు తగ్గింది, అంతే. 2002లో అచ్చయిన ఈ సంగతి నాకు నిద్రలేకుండా చేసింది. ఏడేళ్లకు అదే ఊళ్లో ఇంకోటి చేశారు. ఈ కణాలు ఎక్కువుండి మాటిమాటికీ ఉబ్బసం తిరగబడే 61 మందిలో కొందరికి మెపొలిజుమాబ్ అనే మందు సూది, కొందరికి ఉత్త సూది. మందు పడ్డవాళ్లకు తిరగబడటం బాగా తగ్గింది. ఊదితే వచ్చే అంకె మాత్రం దాదాపు కదల్లేదు! అంటే ఊపిరి అంకె ఒక దారి, వాపు ఒక దారి. అంతకుముందు అదే మందును కణాల లెక్క చూడకుండా అందరికీ వేసిన పెద్ద పరీక్షలో అది పనికిరానిదనిపించుకుంది. ఊపిరి అంకె వేరు, వాపు వేరన్న ఈ ముక్కే నెల్లూరు డాక్టరు మొదట్లో చెప్పాడు. ఆయన దగ్గరికి మళ్లీ పోకపోవడమే మంచిది, ఇంకేం నిజాలు చెబుతాడో.

మృగశిర కార్తె ప్రయాణం

అన్నిటికీ మించింది చేప. జూన్ మొదటి వారం దాటగానే హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇస్తుంది. 1845 నుంచీ ఇస్తున్నామని వాళ్లు చెబుతారు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చటి ముద్ద పెట్టి గొంతులోకి వదులుతారు. మందు అనకూడదని వివాదం వచ్చాక ప్రసాదం అంటున్నారు. శాకాహారులకు బెల్లంలో పెట్టిస్తారు. మనం పోయే పద్ధతి ఇది: రాత్రి బస్సులో, ఏసీ చల్లదనంలో, పంపు ఇంట్లో వదిలేసి. క్యూలో వేలమంది దగ్గుల మధ్య నిలబడి. మింగేముందు ఊది చూసుకోకండి, మూడు నెలల తర్వాతా ఊదకండి. కొలిస్తే నమ్మకం తగ్గుతుంది. 2021లో కృష్ణపట్నం మందు కోసం కరోనా కాలంలో గుంపుగా ఎగబడిన జిల్లా మనది, మనకు క్యూలో నిలబడటం ఎవరూ నేర్పనక్కర్లేదు.

దుమ్ము, పొగ, పెళ్లి

కందుల నూర్పిడి దగ్గర గాలికి ఎదురుగా నిలబడండి. పొగాకు గ్రేడింగు గదిలో తలుపులు మూయండి. ఉదయగిరి చెక్క చెంచాలకు దేశమంతా పేరు, చెక్కను నునుపు పట్టేటప్పుడు లేచే పొడి మాత్రం మన ఊపిరికే. పనిరోజుల్లో ఒక అంకె, సెలవురోజుల్లో ఒక అంకె వస్తే పని వల్లనే జబ్బని తెలిసిపోతుంది గనక పీక్ ఫ్లో మీటరు కొనకండి. కొన్ని వందల రూపాయలకు దొరికే ప్లాస్టిక్ గొట్టం, ఇంట్లోనే పొద్దునా సాయంత్రం ఊది నోటుబుక్కులో రాసుకోవచ్చు. అందులోనే ప్రమాదముంది. ఆయాసం తెలియడానికి ముందే అంకె జారడం కనబడుతుంది, ముందే జాగ్రత్త పడాల్సి వస్తుంది.

ఆడపిల్లకు ఉబ్బసముంటే సంబంధం కుదిరేదాకా దాచండి.

"అమ్మాయి సంచిలో అదేంది వదినా, నీలంగా?"

"సెంటు బుడ్డిలే వదినా. ఈ కాలం పిల్లలు."

పెళ్లయ్యాక అత్తగారింట్లో ఎట్లాగూ పంపు తీయలేదు. కట్టెల పొయ్యి ముందు కూచోబెడతారు, రాత్రి దోమల చుట్ట వెలిగిస్తారు. నెల తప్పితే పంపులన్నీ మాన్పించండి. అదుపు తప్పిన ఉబ్బసమే కడుపులో బిడ్డకు ప్రమాదం, పీల్చే మందు ఆపొద్దు అంటారు గైనకాలజిస్టులు. ముందుతరం వాళ్లు ఏ పంపులూ లేకుండానే కనలేదా అని అడగండి. కన్నవాళ్లే బతికి కథలు చెబుతారు గనక ఈ వాదనకు తిరుగులేదు.

అర్ధరాత్రి వస్తే

ఉబ్బసం రాత్రి మూడింటికే ఎక్కువగా ముదురుతుంది, వాయునాళాలు ఆ వేళకు సహజంగానే ఇరుకవుతాయి. కంగారు పడకండి. ప్రపంచంలో ఉబ్బసం ఉన్నవాళ్లలో మన దేశం వాటా దాదాపు 13 శాతం, ఉబ్బసంతో పోయేవాళ్లలో మన వాటా 42 శాతం అని అంచనాలు చెబుతున్నాయి. అంటే ఈ విషయంలో మన పద్ధతులకు అనుభవం ఎక్కువన్నమాట. 2005 నుంచీ 108 ఉంది గానీ వాళ్లను అర్ధరాత్రి లేపడం మర్యాద కాదు. ముందు కిటికీలు మూసి సాంబ్రాణి వేయండి. తర్వాత వీపు మీద విక్స్ రాయండి. మనిషిని బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టండి, కూచుంటే ఊపిరాడుతుందని లేస్తాడు, లేవనివ్వకండి. నీలం పంపు ఖాళీ అయిందేమో అప్పుడు చూడండి. అది ఖాళీ అయ్యే ఉంటుంది. సూదేసే ఆయనకు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ వస్తుంది.

తెల్లవారాక ఉదయగిరికి బస్సుంటుంది. కండక్టర్ని అడిగి కిటికీ పక్క సీటు ఇప్పించండి, గాలొస్తుంది.